ఇన్‌స్టాలేషన్ గైడ్ మీద ఇద్దరు వాలంటీర్ల లొల్లి, ఎట్ల తెంపాలె?

విద్యానగర్_వాలంటీర్ అడిగిన ప్రశ్న:

అందరికి నమస్తే. హైదరాబాద్‌ల మేం కొంతమందిమి కలిసి ఒక చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ నడుపుతున్నం, సిటీ బస్సుల రూట్లు వెతికి చూపించే ఆప్. ఎవ్వరికి జీతం లేదు, స్పాన్సర్ లేడు, ఉద్యోగాలు చదువులు చూస్కుంట మిగిలిన టైంల చేసేటోళ్లమే అందరం. కోడ్ మీద మాకు పెద్దగ లొల్లి ఎన్నడు కాలె, టెస్టులు పాసైతే పాసైనట్టు లేదంటే లేనట్టు. కానీ డాక్యుమెంటేషన్‌కు అట్ల పాస్ ఫెయిల్ చెప్పే టెస్ట్ ఉండదు కదా, పరేషాన్ అంత ఆడనే మొదలైంది.

సంగతేందంటే, మా టీంల ఒక అన్న ఉన్నడు, మాదాపూర్‌ల పనిచేస్తడు, ప్రాజెక్ట్ పుట్టినప్పటి సంది ఉన్నడు, సగం కోడ్ ఆయన రాసిందే. ఇంకో సార్ ఉన్నడు, డిగ్రీ కాలేజీల కంప్యూటర్స్ చెప్తడు, మాకు కొత్తగ వచ్చే పిల్లలల్ల చానమంది ఆయన పంపినోళ్లే. అన్న ఇన్‌స్టాలేషన్ గైడ్ మొత్తం పీకేసి రెండు లైన్ల డాకర్ కమాండ్ పెట్టిండు (డాకర్ అంటే ఆప్‌కు కావాల్సినవన్ని ఒకటే మూటల కట్టి నడిపిచ్చే సాఫ్ట్‌వేర్). సార్ ఏమో విండోస్‌ల పైథాన్ ఎట్ల ఎక్కించుకోవాలె, డేటాబేస్ ఎట్ల పెట్టుకోవాలె, సికింద్రాబాద్ నుంచి మెహదీపట్నం పోయే 5కె బస్సు వెతికి చూస్తే స్క్రీన్ మీద ఏం రావాలె, ఇట్ల ఫొటోలతోని పెద్దగ రాసి పెట్టిండు. అన్న దాన్ని రివర్ట్ చేసిండు, అంటే పాతదానికి తిప్పిండు, "ఇది మన ప్రాజెక్ట్ డాక్యుమెంటేషన్, పైథాన్ పాఠం కాదు" అని కమిట్ మెసేజ్ పెట్టి. సార్ మళ్ల పెట్టిండు. ఇట్ల ఇద్దరు అటు ఇటు తిప్పుకుంటనే ఉన్నరు, మా కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్‌ల ఇష్యూ (చర్చ జరిగే పేజీ) కింద కామెంట్లు చదువుదామంటే వేలు నొప్పి పుట్టేదాక స్క్రోల్ చేయాలె.

నాకు అసలు బాధ దీని తర్వాతది. అడ్మిన్లకు ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది, ఆడ ఇద్దరు ముగ్గురు మాట్లాడుకొని డాకర్ ఒక్కటే ఉంచుదమని ఖాయం చేసిండ్రు, సార్ ఆ గ్రూపుల లేడు. ఇష్యూల ఎవ్వరు ఒక్క ముక్క రాయలె, పేజీ మాత్రం మారిపోయింది. సార్ చూసి "సరే బాబు, మీరు చూస్కోండి" అని ఊకున్నడు, అప్పటిసంది ఒక్క కామెంట్ లేదు. ఇద్దరు మంచోళ్లే, ఇద్దరు లేకపోతే ప్రాజెక్ట్ నడవది. పెద్ద ప్రాజెక్టులల్ల ఇసొంటిది వస్తే ఏం చేస్తరు? ఓటింగ్ పెట్టాల్నా? ఆ పాత కామెంట్లను ఏం చేయాలె?

---

తెవికీ_పాతకాపు:

తమ్ముడూ, నేను చాలా ఏళ్లుగా తెవికీలో రాస్తున్నాను, తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది కాబట్టి ఇలాంటి తగాదాలు మాకు బాగా అలవాటు, నువ్వు చెప్పినదాన్ని మేం దిద్దుబాటు యుద్ధం అంటాం. ముందు ఆపాల్సింది ఆ తిప్పుడు. ఇంగ్లీష్ వికీపీడియాలో దీనికి గట్టి నియమం ఉంది, ఒకే పేజీలో 24 గంటల్లో ఒక మనిషి మూడుసార్లకు మించి రివర్ట్ చేస్తే బ్లాక్ చేసేయొచ్చు, అలాగని మూడుసార్ల దాకా హక్కు ఉన్నట్టు కూడా కాదు. ఇందులో గమనించాల్సింది ఏంటంటే నీ వెర్షన్ నిజంగానే బాగుంది అన్నా సరే వదలరు (ఎవరో కావాలని పేజీ పాడుచేస్తుంటే దాన్ని తిప్పడం వేరు, అది ఈ లెక్కలోకి రాదు). అంటే ఎవరిది ఒప్పు అనేది తేల్చకముందే చేతులు ఆపమంటారు. మీకు గిట్‌లో ఇది ఇంకా తేలిక, మెయిన్ బ్రాంచ్‌కి (అందరూ వాడే అసలు కాపీకి) ప్రొటెక్షన్ పెట్టండి, ఇంకొకరు అప్రూవ్ చేయనిదే మార్పు అందులో మెర్జ్ కాకుండా, అంటే కలవకుండా. ఎవరి పుల్ రిక్వెస్ట్ (మార్పు కలపమని పెట్టే అర్జీ) వాళ్లే అప్రూవ్ చేసుకునే వీలు గిట్‌హబ్‌లో ఎలాగూ లేదు.

ఆపేటప్పుడు పేజీ ఎవరి వెర్షన్‌లో ఉంటే అలాగే ఉంచేయాలి. మా దగ్గర నిర్వాహకులు పేజీని లాక్ చేసినప్పుడు రెండో పక్షం వాళ్లు తప్పకుండా అంటారు, తప్పు వెర్షన్ లాక్ చేశారు అని. లాక్ వేశామంటే ఆ వెర్షన్ కరెక్ట్ అని తీర్పిచ్చినట్టు కాదు, మాట్లాడుకోడానికి టైం దొరికినట్టు అంతే, ఈ మాట ముందే పైన రాసి పెట్టండి లేకపోతే సార్ ఇంకా దూరం జరుగుతారు.

తర్వాత మామూలుగా మేం పాటించే వరస ఇది, ఎవరైనా ధైర్యంగా మార్చొచ్చు, నచ్చనివాళ్లు ఒక్కసారి వెనక్కి తిప్పొచ్చు, ఆ తర్వాత ఎవరూ పేజీ ముట్టుకోకుండా చర్చా పేజీకి రావాలి. ఇద్దరి మధ్యే ఉండి అక్కడ కూడా తెగకపోతే ఇంగ్లీష్ వికీలో మూడో మనిషి అభిప్రాయం అడిగే చోటు వేరే ఉంది, ఏ సంబంధం లేని ఒకళ్లు వచ్చి చదివి చెప్తారు. అప్పటికీ కాకపోతే అందరినీ పిలిచి అడుగుతారు, అది మామూలుగా 30 రోజులు తెరిచి ఉంటుంది. తెవికీలో అయితే రచ్చబండలో పెడతాం. మీ చిన్న ప్రాజెక్టుకి 30 రోజులు అక్కర్లేదు కానీ ఒక గడువు మాత్రం ఉండాలి, గడువు లేని చర్చలో ఓపిక ఎక్కువున్నవాడే గెలుస్తాడు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది. నువ్వు రాసినదాంట్లో రెండు గొడవలున్నాయి. గైడ్‌లో ఏం ఉండాలి అనేది ఒకటి, సార్‌ని పక్కనపెట్టి వాట్సాప్‌లో తేల్చేశారు అనేది రెండోది. ఇంగ్లీష్ వికీలో ఆర్బిట్రేషన్ కమిటీ అని ఒకటుంది, చివరాఖరి మెట్టు అది, వాళ్లు మనుషుల ప్రవర్తన మీదే తీర్పిస్తారు, వ్యాసంలో ఏం రాయాలో చెప్పరు. అలా విడదీయడం వెనక చాలా అనుభవం ఉంది. మీరు గైడ్ సంగతి ఎంత చక్కగా తేల్చినా రెండోదాని గురించి ఎవరూ నోరు విప్పకపోతే సార్ తిరిగి రారు. ముందు ఎవరైనా ఫోన్ చేసి మాట్లాడండి, మెసేజ్ కాదు.

---

డెబియన్_దోస్త్:

నన్నడిగితే ఓటింగే బెస్ట్ భాయ్. డెబియన్ అని వాలంటీర్లు నడిపే లినక్స్ ఉంది, దాంట్ల డాక్యుమెంటేషన్ మీదనే ఎంత పెద్ద పంచాయితీ అయిందో తెలుసా, గ్నూ మాన్యువల్స్‌కు వాడే ఎఫ్‌డీఎల్ లైసెన్స్ ఉంది కదా, దాంట్ల కొన్ని భాగాలు ఎవ్వరు మార్చొద్దు అని పెట్టుకునే వీలుంటది, అసొంటి పుస్తకం ఫ్రీ అయితదా కాదా అని ఏండ్లకేండ్లు కొట్లాడుకున్నరు. ఆఖరికి 2006ల అందరు ఓటేసి తెంపిండ్రు, మార్చరాని భాగాలు లేకపోతే మెయిన్ అనే అసలు విభాగంల ఉండొచ్చు, ఉంటే నాన్ ఫ్రీ అనే వేరే విభాగానికి పోవాలె అని. ఈమాక్స్ అనే ఎడిటర్ మాన్యువల్ అట్లనే నాన్ ఫ్రీల ఉంటది ఇప్పటికి, ఇష్టం లేనోళ్లు గూడ దానికి కట్టుబడ్డరు. తేల్చేసి ముందుకు పోవుడు మంచిది కదా, ఎన్నిదినాలు నానబెడ్తరు.

---

మెయిలింగ్_లిస్ట్_మనిషి:

@డెబియన్_దోస్త్ ఆ ఉదాహరణ బాగుంది అన్నా కానీ ఇక్కడ సరిపోదు అనుకుంటున్నా. డెబియన్‌కి 1998 నుంచి రాజ్యాంగం ఉంది, ఓటు ఎవరికుందో లిస్టు ఉంది, ఆప్షన్లకి ర్యాంకులిచ్చే పద్ధతి ఉంది, పైగా వాళ్లు ఓటేసింది ఒక సూత్రం మీద, ఒక పేజీలో ఏ పేరా ఉండాలి అని కాదు. వీళ్లకి ఓటరు లిస్టే లేదు కదా. రేపు ఓటింగ్ అంటే సార్ క్లాసులో పిల్లలందరూ వచ్చి ఒక బటన్ నొక్కుతారు, అన్న ఆఫీసు ఫ్రెండ్స్ వచ్చి ఇంకో బటన్ నొక్కుతారు, ఓడినవాళ్లు ప్రాజెక్ట్ వదిలి వెళ్లిపోతారు. వాలంటీర్లకి ఉండే ఒకే ఒక్క ఓటు నిజానికి అదే, లేచి వెళ్లిపోవడం.

ఇంటర్నెట్ స్టాండర్డ్స్ రాసే ఐఈటీఎఫ్ వాళ్లు అసలు ఓట్లే వేయరు. వాళ్ల ఆర్‌ఎఫ్‌సీ 7282 అని 2014లో వచ్చింది, ఓపికుంటే చదవండి, చిన్నదే. అందులో చెప్పేది ఏంటంటే ఎంతమంది అటు ఎంతమంది ఇటు అని లెక్కపెట్టడం కాదు, వచ్చిన ప్రతి అభ్యంతరాన్నీ తీసుకుని దానికి సమాధానం చెప్పారా లేదా అన్నది చూడాలి. అభ్యంతరం చెప్పినవాడు అడిగినట్టే చేయాలని లేదు, కానీ దాన్ని పట్టించుకుని, ఎందుకు కాదో చెప్పి తీరాలి. నూరు మంది సై అన్నా ఒక్కడు లేవనెత్తిన అసలైన సమస్యకి జవాబు లేకపోతే అది ఏకాభిప్రాయం కాదు. మీ వాట్సాప్ నిర్ణయం అక్కడే ఫెయిల్ అయింది, డాకర్ మంచిదా చెడ్డదా పక్కన పెట్టండి, విండోస్ పిల్లల సంగతేంటి అని సార్ అడిగినదానికి ఎవరూ జవాబివ్వలేదు.

రోజువారీ పనులకి అపాచీ (ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు నడిపే సంస్థ) వాళ్ల పద్ధతి పెట్టుకోండి. ఒక ప్రతిపాదన అందరికీ కనపడేచోట రాసి కనీసం 72 గంటలు ఆగుతారు, ఎందుకంటే వాలంటీర్లు ఒక్కొక్కళ్లు ఒక్కో టైంలో చూస్తారు, వీకెండ్ మాత్రమే చూసేవాళ్లూ ఉంటారు. ఎవరూ ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే. కోడ్ మార్పుల్లో ఎవరైనా మైనస్ వన్ (వద్దని వీటో) అంటే టెక్నికల్ కారణం రాయాలి, కారణం లేని వీటో చెల్లదు. మీరు దాన్నే డాక్యుమెంటేషన్‌కి కూడా పెట్టుకుంటే "నాకు నచ్చలేదు" అనే కామెంట్లు వాటంతటవే తగ్గుతాయి.

మొదలుపెట్టిన అన్నదే ఆఖరి మాట అనుకుందాం అని కూడా ఎవరో ఒకళ్లు అంటారు చూడండి. అది కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత ఆ మనిషికే భారమైపోతుంది. పైథాన్‌లో పెప్ 572 (పెప్ అంటే ఆ భాషలో మార్పుకి రాసే ప్రతిపాదన) మీద జరిగిన రచ్చ తర్వాత 2018 జులైలో ఆ భాష పుట్టించిన గైడో వాన్ రోసమ్ ఆ ఆఖరి మాట చెప్పే పని నుంచి తప్పుకున్నారు, ఇప్పుడు ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్‌ని ఎన్నుకుంటున్నారు.

---

డాక్స్_అక్క:

నేను టెక్నికల్ రైటర్‌ని, గచ్చిబౌలిలో ఉద్యోగం, రెండు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి కూడా రాస్తుంటాను. పైన పద్ధతుల గురించి అందరూ బాగా చెప్పారు కానీ గైడ్ విషయానికి ఎవరూ రాలేదు, నాకు అక్కడే అసలు ముడి కనపడుతోంది. మీ అన్న, మీ సార్ ఒకే పేజీ గురించి కొట్లాడుకోవట్లేదు, ఇద్దరూ వేరువేరు పేజీలు రాస్తున్నారు, ఫైల్ మాత్రం ఒక్కటే ఉంది.

డియాటాక్సిస్ అని ఒక పద్ధతి ఉంది, డానియేలే ప్రోచిడా తయారుచేసింది, డాక్యుమెంటేషన్‌ని నాలుగు రకాలుగా చూస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లని చెయ్యి పట్టుకుని నడిపించేది ఒకటి, పని తెలిసినవాళ్లకి ఫలానా పని ఎలా చేయాలో గబగబా చెప్పేది ఒకటి, చూసి వెతుక్కునే వివరాలు ఒకటి, ఎందుకలా ఉందో విడమరిచేది ఒకటి. మీ సార్ రాసింది మొదటి రకం, అన్న రాసింది రెండో రకం, ఈ రెండూ ఒకే పేజీలో కలిస్తే చదివే ఇద్దరికీ విసుగే. జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) డాక్యుమెంటేషన్ తీసి చూడండి, ట్యుటోరియల్ వేరే, హౌ టు వేరే, రిఫరెన్స్ వేరే ఉంటాయి.

కానీ రెండు పేజీలు చేసేస్తే అయిపోదు, ఎందుకంటే అన్నకి ఉన్న భయం నిజమైనది. స్క్రీన్‌షాట్లు ఉన్న పేజీ పాడవ్వడం చాలా తొందర. పైథాన్ ఇన్‌స్టాలర్‌లో ఒక బటన్ జరిగితే పేజీ అబద్ధం చెప్తుంది, అప్పుడు ఇష్యూలు వచ్చి పడేది అన్న మీద, సార్ మీద కాదు. ఆయన చిన్నదిగా ఉంచాలనుకోడంలో పొగరేమీ లేదు, మోసేవాడి బాధ అది. అందుకని పేజీకి ఒక బాధ్యుడు ఉండాలి, సార్‌కి రెపోలో రైట్ యాక్సెస్ (మార్పులు చేసే అనుమతి) ఇచ్చి, గిట్‌హబ్‌లో కోడ్‌ఓనర్స్ ఫైల్‌లో ఆ పేజీ దారి ఎదురుగా సార్ ఐడీ రాస్తే ఆ పేజీ ముట్టుకున్న ప్రతి పుల్ రిక్వెస్ట్ రివ్యూకి ఆయన దగ్గరికే వెళ్తుంది. పేజీ పైన "ఫలానా విండోస్ వెర్షన్ మీద ఫలానా తేదీన చేసి చూశాం" అని ఒక లైన్ పెట్టండి, ప్రతి రిలీజ్‌కి ముందు ఎవరైనా ఒకసారి చేసి ఆ తేదీ మార్చాలి, ఎవరూ ముందుకు రాకపోతే అప్పుడు ఆ పేజీని పక్కకి తీసే హక్కు అన్నకి ఉంటుంది. దీనికి ఇద్దరూ ఒప్పుకుంటారని నా నమ్మకం, ఎందుకంటే ఇందులో ఇద్దరి భయానికీ జవాబుంది. స్క్రీన్‌షాట్లు కూడా తగ్గించమనండి, బటన్ పేరు అక్షరాల్లో రాస్తే చాలు, నిజంగా తికమక పెట్టే చోట ఒక్కటి ఉంచితే సరి.

కామాలు, హెడింగులు, మీరు అనాలా నువ్వు అనాలా లాంటివాటి మీద మాత్రం చర్చే పెట్టుకోకండి, ఉన్న స్టైల్ గైడ్ ఏదో ఒకటి పట్టుకుని దానిలో ఎలా ఉంటే అలా అనేయండి.

---

సెకండియర్_పిల్ల:

నేను డిగ్రీ సెకండియర్ అండి, మీరందరు ఎవరి కోసం కొట్లాడుకుంటున్నరో ఆ కొత్త వాలంటీర్‌ని నేనే అనుకోండి, కాబట్టి చెప్పాలనిపించింది. పోయినేడు వేరే ఒక ప్రాజెక్ట్‌ల చేరుదామని చూసిన, ఆడ గూడ డాకర్ రెండు లైన్లే ఉండె. హాస్టల్‌ల వైఫై రాదు, ఫోన్ హాట్‌స్పాట్ మీద డాకర్ డెస్క్‌టాప్ దింపుకున్న, ఆ దినం డేటా మొత్తం దానికే ఒడిసింది. ఓపెన్ చేస్తే వర్చువలైజేషన్ ఆన్ లేదు అన్నది. అది బయోస్‌ల (కంప్యూటర్ ఆన్ కాంగనే తెరిచే సెట్టింగ్స్‌ల) ఉంటదని గూడ నాకు తెల్వది, మా అన్న ల్యాప్‌టాప్ అది, ఏదన్న ఖరాబైతదేమో అని భయమైంది. మూసేసిన, ఇంక ఆ ప్రాజెక్ట్ దిక్కు పోలేదు, నేను వచ్చిన సంగతి, పోయిన సంగతి ఆడ ఎవ్వరికి తెల్వది.

అట్లని పెద్ద గైడ్ ఉంటే అయితదని గూడ కాదు. ఇంకో ప్రాజెక్ట్‌ల ఫొటోలతోని మస్తు పెద్ద గైడ్ ఉండె, ఫొటోల ఉన్న బటన్ నా స్క్రీన్ మీద లేనే లేదు, నేనే ఏదో తప్పు చేసిన అనుకొని మొత్తం తీసేసి మళ్ల ఎక్కించిన.

సార్‌ని అన్నని కూచోబెట్టి మాట్లాడిపిచ్చే ముందు కొత్తోళ్లని ఒకరిద్దరిని కూచోబెట్టి చేపిచ్చి చూడండి ప్లీజ్. మేం ఎక్కడ ఆగుతున్నమో మమ్ములను అడిగినోళ్లు ఎవ్వరు లేరు.

---

విద్యానగర్_వాలంటీర్:

అందరికి చాన థ్యాంక్స్, ఏం చేసినమో చెప్త. ముందు తెవికీ అన్న చెప్పినట్టు బ్రాంచ్ ప్రొటెక్షన్ పెట్టినం, పేజీ ఉన్నది ఉన్నట్టు ఆపినం, అది తీర్పు కాదని పైన రాసినం. అడ్మిన్లల్ల ఒకరు సార్‌కి ఫోన్ చేసి మాట్లాడిండ్రు, వాట్సాప్‌ల అనుకున్నది మొత్తం కారణాలతోని ఇష్యూల రాసిండ్రు, ఇంకమీద గ్రూపుల ఏదన్న అనుకుంటే అది అనుకున్నట్టే గానీ ఖాయమైనట్టు కాదు, ఇష్యూల రాసి 72 గంటలు ఆగినంకనే అని గూడ పెట్టుకున్నం. సార్ వెంటనే ఏం అనలె, రెండు దినాలకు "ఆదివారం వస్తా" అని ఒక కామెంట్ పెట్టిండు.

ఆదివారం నారాయణగూడల మా వాళ్ల ఆఫీస్‌ల కూచున్నం. చెల్లె, నువ్వు చెప్పినట్టే చేసినం, సార్ స్టూడెంట్ ఒకరిని, బయట నుంచి వచ్చిన ఒక పిల్లగాన్ని వాళ్ల ల్యాప్‌టాప్‌లతోనే కూచోబెట్టినం. అన్న, సార్ ఇద్దరు వెనక కుర్చీలల్ల, నోరు తెరవొద్దు అని కండిషన్. సార్ గైడ్ పట్టుకున్న అమ్మాయి కమాండ్ విండోల పైథాన్ అని కొట్టంగనే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంది, గైడ్‌ల ఆ ముచ్చటే లేదు, అమ్మాయి దాన్ని మూసుడు మళ్ల కొట్టుడు మళ్ల అదే. సార్ చెప్పబోయి ఆగిండు, జేబుల నుంచి పెన్ను తీసి చేతి మీదనే రాసుకున్నడు. ఇటు పిల్లగాడు డాకర్ కాడ సరిగ్గ నువ్వు చెప్పిన ఆ బయోస్ మెసేజ్ మీదనే ఆగిండు. అన్న చానసేపు ఆ స్క్రీన్ దిక్కే చూసిండు, తర్వాత అడిగిండు, "సార్, మీ పిల్లలల్ల ఇట్ల ఎంతమందికి వస్తది?" అని. ఆడికెళ్లి ఇద్దరు మాట్లాడుకునుడు మొదలైంది, మేం ఎవ్వరం మధ్యల రాలె.

ఇప్పుడు రెండు పేజీలు. రీడ్‌మీల (ప్రాజెక్ట్ మొదటి పేజీల) పైన ఒక్క లైన్, మొదటిసారి చేస్తున్నోళ్లు ఇటు, డాకర్ తెలిసినోళ్లు అటు. కొత్తోళ్ల పేజీకి సార్ ఓనర్, స్టోర్ తెరుచుకుంటే ఏం చేయాలె అన్నది అన్ననే రాసి సార్‌కి రివ్యూకి పంపిండు. డాక్స్ అక్క చెప్పిన తేదీ లైన్ గూడ పెట్టినం. రెపోల (ప్రాజెక్ట్ ఫైళ్లన్ని ఉండేకాడ) "నిర్ణయాలు" అని ఫోల్డర్ పెట్టి అందుల ఒక చిన్న ఫైల్ రాసినం, ఏం అనుకున్నం, ఎందుకు, వద్దన్నవి ఏవి అని. పైథాన్ పెప్‌లల్ల వద్దన్న ఆలోచనలకు వేరే సెక్షన్ ఉంటది, అది చూసి పెట్టినం, లేకపోతే ఆర్నెల్లకు ఎవరో కొత్తోళ్లు వచ్చి మళ్ల డాకర్ ఒక్కటే ఉంచుదం అంటరు.

ఒక్కటి మిగిలింది, ఆ పాత ఇష్యూల కామెంట్లు. అన్న డిలీట్ చేద్దమంటున్నడు, చదివితే మళ్ల మనసు పాడైతదని. ఏం చేయమంటరు?

---

తెవికీ_పాతకాపు:

డిలీట్ చేయొద్దు. మేం కూడా పాత చర్చలని భద్రపరుస్తాం కానీ చెరిపేయం, ఎందుకంటే సార్ అడిగిన ప్రశ్నలు, అన్న చెప్పిన కారణాలు అందులోనే ఉన్నాయి, మీ నిర్ణయాల ఫైల్‌కి ఆధారం అదే. ఇష్యూ మొదటి పోస్ట్‌లో పైనే ఆ ఫైల్ లింక్ పెట్టి, క్లోజ్ చేసి, లాక్ చేయండి. మనిషిని ఉద్దేశించి అన్న మాటలు ఒకటో రెండో ఉంటే వాటిని మాత్రం హైడ్ చేయండి, గిట్‌హబ్‌లో కారణం ఎంచుకుని హైడ్ చేసే వీలుంది, కావాలనుకున్నవాళ్లు నొక్కి చూడొచ్చు. ఏవి హైడ్ చేయాలో అన్న, సార్ ఇద్దరినీ అడిగే చేయండి, ఎవరి మాటలు వాళ్లే చెప్తే ఇంకా మంచిది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, లాక్ చేసినా రెపోలో రైట్ యాక్సెస్ ఉన్నవాళ్లు కామెంట్ చేయగలరు, అంటే అన్న రాయగలడు, సార్‌కి యాక్సెస్ లేకపోతే ఆయన రాయలేడు. సార్‌కి కూడా ఆ యాక్సెస్ ఉందో లేదో చూసుకున్నాకే లాక్ చేయండి.